బుడగ కదలకూడదు

ఎన్‌స్ఖెడేలో, మూతపడ్డ బట్టల మిల్లు గోడ పక్కన
మా ప్రయోగశాల. అందులో నా ఉద్యోగం ఇది:
గాజు గొట్టంలో సబ్బు బుడగని చూస్తూ కూర్చోవడం.
అది కదలకపోతే మంచిరోజు.
ఏమీ జరగకపోవడాన్ని చూసినందుకు
ముప్పయ్యొక్క ఏళ్ళుగా నాకు జీతమిస్తున్నారు.

మొదట్లో సందులున్న గొట్టాలు చేసేవాళ్ళం.
అల్యూమినా పింగాణీ, సుద్దముక్కంత అమాయకంగా ఉంటుంది.
పైకి నున్నన, లోపలంతా ఇరుకు దారులే.
సందు వెడల్పుగా ఉంటే గాలి గుంపుగా పోతుంది
శనివారం సంతలో జనంలాగ,
ఒకరి మోచెయ్యి ఒకరి డొక్కలో.
తోసినవాడిదీ తోయించుకున్నవాడిదీ ఒకటే వేగం,
ఎవర్నీ విడదియ్యలేం.

సందు సన్నబడేకొద్దీ గుంపు మాయమవుతుంది.
ఒక్కో అణువూ ఒంటరిగా వెళ్ళి గోడకి కొట్టుకుంటుంది,
కొట్టుకున్న ప్రతిసారీ
ఎటునుంచి వచ్చిందో మరిచిపోతుంది.
గోడ ఎటు తోస్తే అటు.
ఆ మతిమరుపుతోనే, తడబడుతూనే
ఎప్పటికో అవతల తేలుతుంది.
నైట్రోజన్ ఒక్కటి దాటేలోగా
హైడ్రోజన్లు మూడో నాలుగో దాటేస్తాయి.
జల్లెడ చేశామనుకున్నాం,
తీరా చూస్తే పరుగుపందెం.

తర్వాత వచ్చాయి, ఒక్క సందూ లేనివి.
"చిల్లు లేకుండా గాలెలా పోతుందే?" అంది అలైదా అమ్మమ్మ.
అప్పటికి ఎనభయ్యారేళ్ళు. ఒకప్పుడు అదే మిల్లులో
బట్ట తడిమి తప్పుపోగు పట్టుకునేది.
వేళ్ళకి చూపుండేది.

బంగాళాదుంపలు తరుగుతూ చెప్పాను:
పల్లేడియం రేకు ముందుకి హైడ్రోజన్ జంటగా వస్తుంది.
జంటగా రానివ్వదు, విడిపోవాల్సిందే.
విడివిడిగా లోహంలో కరిగి, నడిచి
అవతలి ఒడ్డున ఎవరు దొరికితే వాళ్ళతో జతకట్టుకుపోతాయి.
"పాత జోడీయేనా?"
గుర్తుపట్టే వీల్లేదన్నాను.
"మా మిల్లు డాన్సుల్లోనూ అంతేలే" అంది.

ఆక్సిజన్‌ది ఇంకో తంతు.
దానికి రాయి కావాలి, నల్లటి రాయి,
ఎనిమిదివందల డిగ్రీల పైన ఎర్రబారిన రాయి.
గుమ్మం దగ్గర ఎలక్ట్రాన్లు అప్పు చేస్తుంది,
ఒక ఖాళీ చోటు చూసుకుని గెంతుతుంది.
వదిలిన చోటు ఖాళీ, వెనకున్నది అందులోకి.
ఇటునుంచి ఆక్సిజన్ నడుస్తుంటే
అటునుంచి ఖాళీ ఎదురొస్తుంది.
అవతలి గుమ్మంలో అణాపైసల్తో అప్పు తీర్చి
మళ్ళీ ఇద్దరై, గాలై పోతుంది.
తీర్చిన అప్పు అదే రాతిలోంచి వెనక్కి నడుస్తుంది,
ఇంకెవరికో ఇవ్వడానికి.

ఇక్కడ నైట్రోజన్ పప్పులుడకవు.
అది వచ్చిందంటే ఎక్కడో పగులుందని.

మొన్న జనవరిలో సీట్సెకి ఫోనొచ్చింది,
ఫ్రీస్‌లండ్‌లో వాళ్ళ కాలువ గడ్డకట్టిందని.
ఎన్నేళ్ళకో ఒకసారి గడ్డకడుతుంది, రెండ్రోజులుంటుంది.
నిమిషానికో డిగ్రీ చొప్పున చల్లారాల్సిన కొలిమిని
పదికి తిప్పి, స్కేట్లు సంచిలో వేసుకుని రైలెక్కాడు.

సోమవారం గొట్టం బిగించి నైట్రోజన్ వదిలాం.
బుడగ కదిలింది.
తొందరేం లేదు దానికి,
మెట్లెక్కే ముసలాయనలాగ ఒక్కో గీతా దాటింది.

నాలుగు నెలల పని. తూచిన పొడి, నూరిన పొడి, నొక్కి కాల్చిన పొడి.
వాడి చెవులు ఎర్రబడ్డాయి.
అమ్మమ్మ రోజుల్లో బట్టలో తప్పుంటే
శుక్రవారం కూలిలో కోత పడేది.
నోటిదాకా వచ్చిన మాట మింగి
మంచు ఎలా ఉందని అడిగాను.

"నల్లగా. కింద చేపలు కనిపించాయి. పరిగెడుతుంటే మోగింది."
పగుళ్ళు లేవా?
"ఉన్నాయి. ఉన్నా మోస్తుంది."
ఇది మొయ్యదు, అన్నాను.

తలూపి, తక్కెడ దగ్గరికెళ్ళి కొత్త పొడి తూచడం మొదలుపెట్టాడు.
పగిలిన గొట్టం నా బల్లమీదుంది, ఇప్పుడు దాన్లో పెన్సిళ్ళుంటాయి.

మేలో రెండోది బిగించాం.
బుడగ అక్కడే ఉంది.
పది నిమిషాలు. ఇరవై.
ఇద్దరం ఎందుకో ఊపిరి బిగబట్టాం,
గాజు వెనక దానికి మా ఊపిరితో ఏ సంబంధమూ లేకపోయినా.